సంచి తీసే ముందు డబ్బాలు తెరువు

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

పోయిన నెల బరంపురంలో మీ ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చాను కదా, నువ్వు ఎంత ఆప్యాయంగా చూసుకున్నావో మీ నాన్నకు చెప్పి మురిసిపోయాను. ఆయనకు చెప్పని సంగతి ఒకటి నా మనసులోనే ఉండిపోయింది. ఇరవయ్యో తేదీ దాటేసరికి చేతిలో డబ్బు ఆడటం లేదనీ, వంటింటి ఖర్చు ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదనీ ఆ రాత్రి నా పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. అప్పటికి నాలుగు మాటలు చెప్పి ఓదార్చాను. మర్నాడు నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు టీ పొడి కోసం అలమర తెరిచాను. అప్పటి నుంచీ నీకు ఉత్తరం రాయాలనే ఉంది.

ఆ అలమరలో విప్పిన బొంబాయి రవ్వ పొట్లాలు మూడున్నాయి. రెండింటికి రబ్బరు బ్యాండ్లు, మూడోదానికి బట్టలు ఆరేసే క్లిప్పు. నడిమి పొట్లంలో రవ్వ సన్నని సాలెగూడులాంటి దారాలతో ఉండలు కట్టి ఉంది. వెనక వరుసలో అర కిలో పెసలు, ఓ డబ్బా అడుగున గుప్పెడు సగ్గుబియ్యం, రెండేళ్ళ కిందట నేను పంపిన గుమ్మడి వడియాలు కనిపించాయి. ఆ సాయంత్రమే నువ్వు బడా బజారు నుంచి ఇంకో కిలో రవ్వ తెచ్చావు. ధర పది రూపాయలు తగ్గిందని సంబరంగా చెప్పావు. ఆ పురుగు పట్టిన పొట్లం పారబోస్తే పోయేది పది రూపాయలు కాదమ్మా, దానికి పెట్టిన డబ్బంతా. నీ జీతం డబ్బు పోతున్న దారి నాకు అక్కడే కనిపించింది.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. నా ఇంట్లో ఏముందో నాకూ చాలా ఏళ్ళు తెలియదు. తెలిసింది 2018 అక్టోబరులో. పదకొండో తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎన్నో ప్రాణాలు పోయాయి. రోడ్లు తెగాయి, పాతపట్నం వైపు నుంచి కూరగాయల బండి రాలేదు, మా వీధికి ఎనిమిది రోజులు కరెంటు లేదు. ఇంట్లో ఆరుగురం. మొదటి రోజు గాభరా పడ్డాను. తరువాత లాంతరు పట్టుకుని ప్రతి డబ్బా మూత తీసి చూశాను. ఉలవలు, బొబ్బర్లు, అటుకులు, మామిడి ఒరుగులు, ఊరమిరపకాయలు, దసరాకని తెచ్చిన బెల్లం, చింతపండు, ఇలా ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఫ్రిజ్ ఆగిపోయింది కాబట్టి ముందు పాలు, పెరుగు ఖర్చు పెట్టాం. తరువాత తోటకూర, టమాటాలు. ఆ పైన వంకాయలు, ఆనపకాయ. వాటి తరువాత గుమ్మడికాయ, కంద. చివరికి ఉలవలు, ఒరుగులు. ఆ ఎనిమిది రోజుల్లో అంగడి నుంచి ఉప్పు, అగ్గిపెట్టెలు తప్ప ఏమీ తేలేదు.

ఆ వరస నాకు అలవాటైపోయింది. ఏది ముందు చెడుతుందో దానితోనే ఆ పూట వంట. నువ్వు ఉదయం లేవగానే ‘ఈ రోజు ఏం వండాలి’ అని ఆలోచిస్తావు. ఆ ప్రశ్న పక్కన పెట్టు. ఫ్రిజ్ తలుపు తీసి ‘రేపటికి ఏది ఆగదు’ అని చూడు. వాడిపోతున్న బెండకాయలు కనిపిస్తే ఆ రోజు బెండకాయ పులుసే, నోరు మరొకటి కోరుకున్నా సరే.

అన్నిటికన్నా ముందు ఒక ఆదివారం పూట కేటాయించు. అలమరలో ఉన్నదంతా నేల మీద దించు. ఒకే సరుకు రెండు మూడు పొట్లాల్లో ఉంటే బాగున్నదంతా ఒక్క డబ్బాలో పొయ్యి. ఏముందో, ఎంతుందో ఒక కాగితం మీద రాసి అలమర తలుపుకు లోపలివైపు అంటించు. అయిపోయినది కొట్టెయ్యి, కొన్నది రాయి. సంతకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం ఫోనులో ఫొటో తీసుకో. ఇంకో చిన్న పని కూడా చెయ్యి. ఒక్క నెలపాటు నువ్వు పారేసిన ప్రతిదీ కొన్న ధరతో సహా నోటు పుస్తకంలో రాయి. కుళ్ళిన కొత్తిమీర కట్ట, పులిసిపోయిన పిండి, ఏదీ వదలొద్దు. తుపాను తరువాతి నెల నేను రాసి కూడితే 640 రూపాయలు తేలింది. ఆ అంకె చూశాక నాకు ఇంకెవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఇప్పుడు మిగిలిపోయిన వంట సంగతి. నిన్నటి కూర పెడితే అల్లుడు ముట్టుకోడని అన్నావు. అదే గిన్నెలో అదే రూపంలో కనిపిస్తే ఎవరికైనా సహించదు. బంగాళాదుంప కూర మిగిలిందా, మెదిపి చపాతీలో కూరి కాల్చు. పప్పు మిగిలితే చింతపండు పులుసు, ఇంగువ పోపు తగిలించి చారు చెయ్యి. ఇడ్లీ పిండి రెండో రోజు దోసె, మూడో రోజు ఉల్లిపాయ ముక్కలతో ఊతప్పం, ఇంకా పులిస్తే కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు. పుల్లమజ్జిగతో మజ్జిగపులుసు, చల్లపిండి. ఇవన్నీ మీ నానమ్మ చేసినవే, నువ్వు చిన్నప్పుడు ఇష్టంగా తిన్నవే.

ఒక్కొక్క ముక్కగా మిగిలిన కూరగాయలకు మన ఒడిశాలో దాల్మాను మించినది లేదు. సగం వంకాయ, పచ్చి బొప్పాయి ముక్క, ఒక అరటికాయ, గుమ్మడి చెక్క, నాలుగు పనసపిక్కలు, ఏవి ఉంటే అవి కందిపప్పుతో ఉడికించి, ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజీ కలిపిన పంచ ఫుటన్‌తో పోపు పెట్టి, వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి పైన చల్లితే చాలు. ఉల్లి, వెల్లుల్లి అక్కరలేదు. మన దప్పళంలో పడే ముక్కలే ఇక్కడా పడతాయి. మా పక్కింటి మౌసీ దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. వడియాల డబ్బా అడుగున విరిగి పొడైపోయినవి ఉంటాయి చూడు, వాటిని దోరగా వేయించి వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పుతో దంచి ఆవనూనె చుక్కలు వేస్తే బొడి చూరా అవుతుంది. చద్దన్నంలో నంజుకోవడానికి దానిని మించినది నేను ఎరుగను. నీ దగ్గరున్న పాత వడియాలకు అదే దారి, మెత్తబడి ఉంటే ముందు ఒక రోజు ఎండలో పెట్టు.

తొక్కలు కూడా చూడు. కిలో 50 రూపాయలు పెట్టి బీరకాయలు కొని, చెక్కంతా చెత్తబుట్టలో వేశావు. ఈసారి ముందు బాగా కడిగి, ఈనెలు గీసి పారేసి, మిగిలిన చెక్కు దాచు. మూకుడులో చెంచా నూనె వేసి మినపప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి తీసెయ్యి. అదే నూనెలో చెక్కు వెయ్యి. మొదట నీరు వదిలి మెత్తబడుతుంది, తొందరపడి దించకు. పచ్చిదనం పోయి, అంచులు కాస్త గోధుమ రంగుకు తిరిగి, కలుపుతుంటే గలగలమనే దాకా వేయించాలి. తరువాత చింతపండు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరు, వేయించి తీసిపెట్టిన పోపు మాత్రం చివర్లో వెయ్యి. మెత్తగా రుబ్బితే రుచి పోతుంది. ఆనపకాయ చెక్కుకూ ఇదే పద్ధతి. ముల్లంగి ఆకు పప్పులోకి, కొత్తిమీర కాడలు చారులోకి.

అన్నం దగ్గర మాత్రం జాగ్రత్త తల్లీ, ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను. ఒకసారి రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే మూత పెట్టి వదిలేసి, మర్నాడు మధ్యాహ్నం పులిహోర కలిపాను. చింతపండు పులుపులో తేడా ఎవరికీ తెలియలేదు. రెండు గంటలు గడవకుండానే మీ మావయ్యకు వాంతులు మొదలయ్యాయి. తరువాత డాక్టరు చెప్పాడు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవట. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకని మిగిలిన అన్నం వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడే వాడెయ్యి, ఒక్కసారే వేడిచెయ్యి.

చద్దన్నం చేస్తే దానికీ ఒక పద్ధతి ఉంది. అన్నం ఆరగానే శుభ్రమైన గిన్నెలో మునిగేలా మంచినీళ్ళు పొయ్యి, ఉదయానికి కాస్త పులుస్తుంది, పొద్దున్నే తినెయ్యాలి. ఒడియావాళ్ళు పఖాళ అని ఎంత ప్రేమగా తింటారో చూస్తున్నావు కదా, ఏటా మార్చి 20న పఖాళ దివస్ అని జరుపుతారు. మన ఇళ్ళలో గంజి, అన్నం పులియబెట్టే తరవాణి కుండ పోయింది గానీ ఎండాకాలంలో దానిలోని చలవ వేరు. అన్నం జిగటగా సాగినా, పుల్లటి వాసన కాక మరేదైనా వచ్చినా పారబొయ్యి. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రం తాజా అన్నమే పెట్టు.

పారేయవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. బూజు పట్టిన వేరుశనగ గింజలు ఏరుకుని వాడకు. ఆ బూజు విడిచే అఫ్లటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు, కాలేయానికి చేటు. పచ్చబడి చేదెక్కిన బంగాళాదుంపలు కూడా అంతే, ఉడికించినా ఆ విషం పోదు. పొట్లం మీద ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే ఆ తేదీ దాటాక రుచి తగ్గవచ్చు, వాసన చూసి నిర్ణయించుకో. ‘ఎక్స్‌పైరీ’ అని ఉంటే మాత్రం వాడొద్దు. డబ్బు మిగల్చబోయి ఆసుపత్రి పాలు కావొద్దు.

మీకు గోపాల్‌పూర్ సముద్రం దగ్గర కాబట్టి వానాకాలంలో అన్నీ చెమ్మగిలుతాయి. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పొయ్యి. వేడి మీద మూత పెడితే ఆ ఆవిరే బూజు తెస్తుంది. పప్పులకు ఎండ మంచిది. బియ్యం మాత్రం ఎండలో పోస్తే గింజ విరిగి నూక అవుతుంది, ముక్కపురుగు కనిపిస్తే నీడన పలచగా ఆరబోసి చెరుగు. ఇద్దరికీ ఒక పిల్లవాడికీ 25 కిలోల బస్తా ఎందుకు? వానలు తగ్గేదాకా 10 కిలోల సంచి తెచ్చుకో, కిలోకు రూపాయో రెండో ఎక్కువైనా నష్టం లేదు.

నెలలో చివరి వారం కొత్త సరుకు ఏదీ కొనకుండా గడిపి చూడు. పాలు, కూరలకు తప్ప సంచి తియ్యకు. మొదటిసారి కష్టంగా ఉంటుంది, ఏదో ఒకటి లేదని చెయ్యి కొట్టు వైపు పోతుంది. ఆ పెసలు నానబెట్టి పెసరట్టు వెయ్యి, సగ్గుబియ్యం పాయసంలో వెయ్యి, పిల్లవాడు ఇష్టపడతాడు. మిగిలిన డబ్బు పోపుల పెట్టెలో కాక వేరే చోట దాచి, ఎంతైందో నాకు ఫోను చేసి చెప్పు. నాకు వినాలని ఉంది.

ఈ ఏటి గుమ్మడి వడియాలు మేడ మీద ఆరుతున్నాయి. మీ నాన్న బరంపురం వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. పాత డబ్బా ఖాళీ అయిందని నువ్వు చెప్పాకే కడతాను.

ఆశీస్సులతో,
అత్తయ్య