విదేశీ బేరం ఉత్తరాల్లో క్రియాపదాల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

ఛత్రపురంలో మొగలి అత్తరు వ్యాపారుల దగ్గర ఉత్తర ప్రత్యుత్తరాల పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఫ్రాన్సు కొనుగోలుదారుకు నువ్వు రాసిన ఇంగ్లీషు ఉత్తరం నకలు చదివాను. మర్యాదకు లోటు లేదు గాని, క్రియాపదాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

"వుయ్ విల్ రివర్ట్ ఆన్ ద రేట్" అన్నావు. మన ఊళ్ళో తెలుగువారైనా, ఒడియావారైనా, మార్వాడీలైనా రివర్ట్ అంటే జవాబివ్వడమనే అనుకుంటారు, అందులో నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ మాటకు అసలు అర్థం మునుపటి స్థితికి మళ్ళడం కనుక, నువ్వు పాత ధరకే దిగివస్తున్నావని ఆయన భావించే వీలుంది. "రిప్లై" అని రాసి, ఏ తేదీలోగా ఇస్తావో కూడా చెప్పు.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది "వుయ్ విల్ ఇన్సూర్ ద గూడ్స్" అన్న వాక్యం. సరుకు భద్రంగా చేరేలా చూస్తామనడం నీ ఉద్దేశం, అందుకు రాయవలసింది "ఎన్సూర్". అమెరికావారు ఈ రెండింటినీ కలిపి వాడడం కద్దు గాని, వ్యాపారపు ఉత్తరంలో ఇన్సూర్ అంటే బీమా చేయించడమే. మీది ఎఫ్‌ఓబీ బేరం, అంటే సరుకు ఓడలోకి ఎక్కాక నష్టభయం కొనేవారిది, బీమా చేయించే బాధ్యత మీకు లేదు. ధరలోనే బీమా, ఓడ కిరాయి కలిసి ఉండే సీఐఎఫ్ బేరమైతే అది అమ్మేవారి మీద పడుతుంది. నీ ఒక్క మాటతో లేని ఖర్చును నెత్తిన వేసుకున్నట్టయింది.

"డూ ద నీడ్‌ఫుల్" (అవసరమైనది చేయండి) అనడం పూర్తిగా మానెయ్యి. అడ్వాన్సు జమ చేయమనా, ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) గడువు పొడిగించమనా? ఏది కావాలో దాన్నే అడుగు. "వుడ్ డిస్పాచ్" అన్నచోట "విల్" ఉండాలి, వుడ్ అంటే ఏదో షరతు ఉన్నట్టు ధ్వనిస్తుంది. వానాకాలపు పూల దిగుబడిని బట్టి పంపుతామని చెప్పదలిస్తే ఆ షరతును విడమరిచి రాయి. "డిస్కస్ అబౌట్" మన "గురించి చర్చించడం" నుంచి వచ్చింది, అబౌట్ కొట్టేస్తే చాలు. "ప్రీపోన్" (తేదీని ముందుకు జరపడం) మన దేశంలో బాగా నాటుకున్న చక్కని మాట, కనౌజ్ అత్తరు వర్తకులకు నిశ్చింతగా రాయి, ఫ్రాన్సుకు మాత్రం వద్దు.

ఆ ఉత్తరం ఇప్పటికే వెళ్ళిపోయి ఉంటే, బీమా కొనుగోలుదారుదేనని స్పష్టం చేస్తూ రేపే సవరణ పంపు; పంపే ముందు మీ యజమానికి తప్పక చూపించు.

ఇట్లు,
మీ మావయ్య