పాంక్రియాస్ సూది బయాప్సీ మర్నాడు నొప్పి: గ్యాస్ అనుకుని ఆగకండి

మీ నాన్నగారికి నిన్న ఎండోస్కోపీతో పాంక్రియాస్ (క్లోమం) నుంచి సూదితో ముక్క తీశారని, ఈరోజు నొప్పి వచ్చిందని, ఏం చేయాలని అమలాపురం నుంచి అడిగారు. సూది వేసిన పాంక్రియాస్ వాచి ఉండొచ్చు. మీరు చెప్పినట్టు పైకడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, గ్యాస్ మాత్రకు లొంగకపోవడం దీని తీరే. ఇది వచ్చేది తక్కువమందికే, వస్తే మాత్రం ఇంట్లో ఉంచకూడదు.

1. నాన్నగారికి తినేవి, తాగేవి ఏమీ ఇవ్వకండి. మజ్జిగ, కొబ్బరినీళ్లు కూడా వద్దు.

2. లైపేజ్ (పాంక్రియాస్‌లో తయారయ్యే ఎంజైము) రక్తపరీక్ష ఈరోజే చేయించండి. అందరూ వదిలేసేది ఇదే. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్ పడగానే కాస్త అణుగుతుంది, తగ్గిందనుకుని రోజు గడిపేస్తారు. మొదటి రోజు స్కాన్‌లో ఏమీ కనపడకపోవచ్చు, లైపేజ్ మాత్రం కొన్ని గంటల్లోనే పెరుగుతుంది. ఈ నొప్పితోపాటు అది మామూలుగా ఉండాల్సిన గరిష్ఠ పరిమితికి 3 రెట్లు దాటితే పాంక్రియాటైటిసే (పాంక్రియాస్ వాపు). సెలైన్ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

3. నాన్నగారికి స్టెంటు ఉందన్నారు కదా, క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర) ఎప్పుడు ఆపారో, మళ్లీ ఎప్పుడు వేశారో రాసుకెళ్లండి. రక్తస్రావం అనుమానం వస్తే డాక్టరు ముందు అడిగేది అదే. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

4. చలితో జ్వరం, నల్లటి విరేచనం, కళ్లు తిరగడం, కడుపు బిగుసుకుపోవడం: ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష కోసం ఆగొద్దు. బయాప్సీ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, అమలాపురంలోనే దగ్గర్లోని ఎమర్జెన్సీకి ముందు వెళ్లండి. రాజమండ్రిలోని పెద్దాసుపత్రికి ప్రయాణం సెలైన్ పెట్టించాకే.