క్లౌడ్ వచ్చునన్న అభ్యర్థిని ఎలా పరీక్షించాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో 30 మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను టీమ్ లీడ్‌ని. మాది ప్రకాశం జిల్లా. నిరుడు క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే కంప్యూటర్లు) సర్టిఫికెట్లు ఉన్న ఇద్దరు ఫ్రెషర్లను తీసుకున్నాం. ఇంటర్వ్యూలో ఏ నిర్వచనం అడిగినా తడుముకోకుండా చెప్పారు. చేరిన నెలలోనే ఒకరు సర్వర్‌లోకి లాగిన్ కావడం లేదని 22వ పోర్టును (దూరం నుంచి లాగిన్ అయ్యే ద్వారాన్ని) ప్రపంచమంతటికీ తెరిచి వదిలేశారు. మరొకరు ప్రయోగానికి పెట్టిన మెషీన్లు తీసేయడం మరచిపోవడంతో ఆ నెల బిల్లు చూసి యజమాని నన్ను పిలిపించారు. ఇప్పుడు ఇంకో ముగ్గురిని తీసుకోవాలి. క్లౌడ్‌లో ప్రాథమిక నైపుణ్యాన్ని ఎలా పరీక్షించాలి? మన ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఇంగ్లీషులో తడబడితే ఏం చేయాలి? పాత ఇద్దరి సంగతేమిటి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ ఇద్దరూ మిమ్మల్ని మోసగించలేదు. మీరు నిర్వచనాలు అడిగారు, వారు నిర్వచనాలే చెప్పారు. సర్టిఫికెట్ విషయమూ అంతే. అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్షనే తీసుకుంటే, 90 నిమిషాల్లో 65 ప్రశ్నలకు ఎదురుగా ఉన్న జవాబుల్లోంచి సరైనవి ఎంచుకోవాలి. 1000కి 700 వస్తే ఉత్తీర్ణులు. అభ్యర్థి శ్రద్ధగా కూర్చుని చదివారని దానివల్ల తెలుస్తుంది, ఆ శ్రమకు విలువ ఇవ్వవలసిందే. అయితే ఆ పరీక్షలో ఒక్క మెషీన్‌ను కూడా ముట్టుకోవలసిన అవసరం రాదు.

కాబట్టి చెడిపోయి ఉన్న ఒక చిన్న వ్యవస్థను ముందు పెట్టి, 40 నిమిషాలు పక్కన కూర్చుని చూడండి. నేను చాలాకాలంగా వాడుతున్న అమరిక ఇది. అమెజాన్ అద్దెకిచ్చే ఒక చిన్న ఈసీ2 మెషీన్, దాని మీద ఒక వెబ్ పేజీ, ఆ పేజీకి కావలసిన బొమ్మ ఒక ఎస్3 బకెట్‌లో, అంటే ఫైళ్ళు దాచే చోట. అందులో మూడు లోపాలు ఒకదాని వెనుక ఒకటి దాగి ఉంటాయి. మొదట సెక్యూరిటీ గ్రూపులో, అంటే మెషీన్‌కు కాపలా ఉండే ఫైర్‌వాల్‌లో, వెబ్ పేజీలకు వాడే 80వ పోర్టు తెరిచి ఉండదు, అందువల్ల బ్రౌజర్ చాలాసేపు తిరిగి తిరిగి టైమ్ అవుట్ అంటుంది. దాన్ని తెరిచాక కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వెంటనే వస్తుంది, ఎందుకంటే లోపల వెబ్ సర్వర్ ఆపేసి ఉంటుంది. దాన్ని నడిపించాక పేజీ వస్తుంది గానీ బొమ్మ రాదు. లాగ్ (జరిగినవాటి నమోదు) తెరిస్తే యాక్సెస్ డినైడ్ అని కనిపిస్తుంది, కారణం ఆ మెషీన్‌కు ఇచ్చిన రోల్‌కు (అది ఏమేం చేయవచ్చో చెప్పే అనుమతుల మూటకు) బకెట్‌ను చదివే అనుమతి లేకపోవడం.

మొదటి రెండు సందేశాలకూ ఉన్న తేడా గ్రహించారా లేదా అన్నదాన్ని నేను అన్నిటికంటే జాగ్రత్తగా గమనిస్తాను. టైమ్ అవుట్ అయితే మన పిలుపు దారిలోనే ఆగిపోయి ఉండవచ్చు. రిఫ్యూజ్డ్ అయితే మెషీన్ దాకా వెళ్ళింది, అక్కడ తలుపు తీసేవారు లేరన్నమాట. ఒకసారి కర్నూలు జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, రెండో సందేశం రాగానే, ఇంక ఫైర్‌వాల్ జోలికి పోనవసరం లేదని తనలో తాను అనుకుంటూ, మెషీన్‌లోకి వెళ్ళి ఏ పోర్టులో ఏ ప్రోగ్రాము వింటున్నదో చూసింది. ఆమె దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. మూడో లోపం దాకా వెళ్ళేలోగా సమయం అయిపోయినా ఆమెను తీసుకున్నాం.

మూడో లోపం దగ్గర స్వభావం బయటపడుతుంది. బకెట్‌ను అందరికీ తెరిచేస్తే బొమ్మ వస్తుంది. పని అయిపోయినట్టే కనిపిస్తుంది. మీ 22వ పోర్టు కథలో జరిగిందీ ఇదే. ఆ బకెట్ ఒక్కదానికి, చదివే అనుమతి మాత్రమే ఆ రోల్‌కు ఇవ్వాలన్నవారు మీకు కావలసినవారు. అనుమతులు మార్చే అధికారం అభ్యర్థికి ఇవ్వనక్కరలేదు, ఏం మారుస్తారో నోటితో చెప్పించండి.

బిల్లు గురించి ఒక్క ప్రశ్న చాలు: శుక్రవారం సాయంత్రం మెషీన్‌ను స్టాప్ చేసి ఇంటికి వెళితే సోమవారం దాకా దేనికైనా డబ్బు పడుతుందా? మెషీన్ నడిచిన గంటలకు పడదు, దానికి తగిలించిన డిస్కుకూ కేటాయించి ఉంచిన పబ్లిక్ ఐపీకీ (ఇంటర్నెట్‌లో దాని చిరునామాకూ) పడుతూనే ఉంటుంది. మీరు మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అజూర్ వాడేటట్లయితే ఈ ప్రశ్న మరీ అవసరం, ఎందుకంటే అక్కడ మెషీన్ లోపలి నుంచి షట్‌డౌన్ చేసినంత మాత్రాన మీటరు ఆగదు, డీఅలోకేట్ చేయాలి, అంటే కేటాయించిన మెషీన్‌ను వదిలేయాలి. అన్నట్టు, మీది అమెజాన్, అభ్యర్థిది అజూర్ అయినా తిప్పి పంపకండి. దారి, అనుమతి, నిల్వ, ఖర్చు అర్థమైనవారికి పేర్లు మార్చుకోవడం పెద్ద పని కాదు.

ఈ పరీక్ష మీ సంస్థ ఖాతాలోనే పెట్టాలి. సొంత ఖాతా తెరుచుకుని రమ్మంటే, తండ్రి కార్డు నంబరు ఇచ్చి ఏ బిల్లు వస్తుందోనని భయపడే పిల్లలు ఉంటారు. అందరికీ అవే లోపాలు, అంతే సమయం ఇవ్వండి. డాక్యుమెంటేషన్ వెతుక్కోనివ్వండి, ఉద్యోగంలో మనం రోజూ చేసేది అదే. ఏ పనికి ఎన్ని మార్కులో చెప్పే కాగితం మాత్రం మొదటి అభ్యర్థి రాకముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే చక్కగా మాట్లాడినవారికి చెయ్యి తెలియకుండానే మార్కులు వేసేస్తుంది.

ఇంగ్లీషు విషయం అక్కడే వస్తుంది. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో తెలుగులోనే చెప్పమనండి. పోర్టు, రోల్, లాగ్ అన్న మాటలు ఎలాగూ అవే. క్లయింట్‌తో మాట్లాడే ఉద్యోగమైతే ఇంగ్లీషును వేరే పరీక్షగా పెట్టి, వేరే మార్కులు వేయండి.

పాత ఇద్దరినీ పంపించవద్దు. ఫ్రెషర్ ఒంటరిగా సెక్యూరిటీ గ్రూపు మార్చగలగడం, ఖర్చు హద్దు దాటితే హెచ్చరిక మెయిల్ వచ్చే ఏర్పాటు లేకపోవడం సంస్థ వైపు లోపాలు. ఆ రెండూ ఈ వారంలోనే సరిచేయండి. ఆ తర్వాత, పైన చెప్పిన చెడిపోయిన వ్యవస్థను తయారుచేసే పని ఆ ఇద్దరికే అప్పగించండి. ఒకరు లోపాలు పెడతారు, మరొకరు కనిపెడతారు. ప్రతి అభ్యర్థి వెళ్ళాక మెషీన్‌నూ, డిస్కునూ, బకెట్‌నూ తొలగించే బాధ్యత కూడా వారిదే.