ఇంకొక్కసారి అనకు

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

ఈసారి ఈవెంటింగ్ పోటీకి దిగుతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఒకే గుర్రంతో డ్రెసాజ్ (చెప్పిన వరసలో లయగా నడిపించి చూపడం), క్రాస్ కంట్రీ (బయలు నేలలో కంచెలు, నీళ్లు దాటే పరుగు), షో జంపింగ్ (కర్రల కంచెలు దూకించడం) మూడింటికీ నిలబడాలంటే గుండె కావాలి. మన ఇంటి పిల్లకు ఆ గుండె ఉందని గర్వంగా ఉంది. భయంగానూ ఉంది, దాన్ని దాచుకోను.

తెలిసిన మాటలు ముందే చెప్పేస్తాను. జీను వీపు మీద సరిగ్గా అమరుతోందో లేదో తెలిసినవాళ్లకు చూపించు. లాడాలు పోటీ ముందురోజు మార్పించకు. హెల్మెట్, బాడీ ప్రొటెక్టర్ లేకుండా కంచె వైపు వెళ్లకు.

ఇక కోపం వచ్చిన సంగతి. "దూకడం బాగా వచ్చింది, డ్రెసాజ్ ఎలాగో నెట్టుకొస్తాను" అన్నావట. ఎవరు నేర్పారమ్మా ఈ మాట? డ్రెసాజ్‌లో 65 శాతం వస్తే 35 పెనాల్టీలతో మొదలుపెడతావు, 70 వస్తే 30తో. పెనాల్టీ ఎంత తక్కువైతే అంత మేలు. షో జంపింగ్‌లో ఒక కర్ర పడితే వచ్చే పెనాల్టీలు 4. లెక్క నువ్వే వేసుకో. అయినా నా బాధ మార్కుల గురించి కాదు. కంచె మీద గాలిలో ఉండే క్షణాన్ని గుర్రం చూసుకుంటుంది. అక్కడిదాకా వచ్చే అంగలు, వాటి లయ, వంకర లేకుండా వచ్చే తీరు నీ చేతిలో ఉంటాయి. అవన్నీ నేర్పేది డ్రెసాజ్‌లోనే. నేల మీద రెండు కర్రలు దూరంగా పడుకోబెట్టు. వాటి మధ్య క్యాంటర్‌లో, అంటే మోస్తరు దౌడులో, ఒకసారి అయిదు అంగల్లో వెళ్లు, తర్వాత ఆరు, ఆపైన నాలుగు. పగ్గాలు గుంజి కాదు, నీ కూర్చునే తీరుతో, కాళ్లతో. ఇది తేలిగ్గా వచ్చిన రోజున కంచె ఎత్తు గురించి మాట్లాడుకుందాం. డ్రెసాజ్‌లో పగ్గాలు వదులు చేసి నడిపించే భాగాన్ని విశ్రాంతి అనుకోకు. గుర్రం మనసులో ఉన్న బిగువంతా జడ్జికి అక్కడే కనిపిస్తుంది. డ్రెసాజ్ టెస్టు మొత్తాన్ని రోజూ అదే వరసలో చేయించకు. వరస పట్టేసిందంటే, నువ్వు అడగకముందే మలుపు తిరిగేస్తుంది.

దూకించడం వారానికి ఒకటి రెండు సార్లకు మించొద్దు, అదీ ఎక్కువగా చిన్న ఎత్తుల మీదే. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో విను.

నేను శిక్షణ ఇస్తున్న రోజుల్లో ఒక కుర్రాడు ఉండేవాడు. చేతులు మెత్తన, ధైర్యం మెండు. గుర్రం కూడా అలాంటిదే, అతను ఎటు చూస్తే అటు వెళ్లేది. పోటీ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం వెడల్పు కంచె దగ్గర దాని వెనుక కాళ్లు కర్రకు తగిలాయి. మళ్లీ తిప్పాడు, చక్కగా దాటింది. అప్పుడే దిగి మెడ నిమిరి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. "ఇంకొక్కసారి" అన్నాడు. దాటింది. కర్ర పైకి లేపించాడు. అలసిన గుర్రం మళ్లీ తగిలించింది. ఇక పంతం వచ్చింది, కొరడా బయటికి వచ్చింది. చీకటి పడేదాకా సాగింది. మరునాటి నుంచి ఆ గుర్రం కంచె కనపడగానే ఉరికేది. చూసేవాళ్లు ఉత్సాహం అనుకున్నారు. అది భయమమ్మా. తప్పించుకోలేని పని త్వరగా అయిపోవాలని పరుగెత్తడం. పోటీలో డ్రెసాజ్ అంతా కళ్లేన్ని కొరుకుతూనే ఉంది. క్రాస్ కంట్రీలో నీళ్ల దగ్గర ఆగిపోయింది, 20 పెనాల్టీలు. అక్కడే మళ్లీ ఆగింది, ఇంకో 40. పోయిన సమయం రాబట్టాలని అతను దౌడు తీయించాడు. తర్వాతి కంచెకు అది మరీ దూరం నుంచి లేచింది. అతనికి భుజం ఎముక విరిగింది. గుర్రానికి దెబ్బలు మానాయి, కానీ ఆ తర్వాత ఎవరు ఎక్కినా కంచె ముందు వణికేది. దాని చెవులు వెనక్కి వాలడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నిన్ను తిడుతున్నాననుకోకు. నీకూ పంతం ఎక్కువే, చిన్నప్పుడు రికాబు అందకపోయినా ఎవరినీ ఎక్కించనిచ్చేదానివి కాదు. అందుకే నా గుబులు.

ఇంకో సంగతి. గుర్రానికి ఊపిరి, కండరాలు కొన్ని వారాల్లో గట్టిపడతాయి. కాళ్లలోని స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. అందుకే ఎంతైనా పరుగెత్తగలనన్నట్టు కనిపించే గుర్రాన్ని చూస్తేనే నాకు ఎక్కువ భయం. రోజూ పొద్దున్నే జీను వేయకముందు ముందు కాళ్ల వెనుక వైపు, మోకాలి నుంచి కింది దాకా చేత్తో తడుము. రెండు కాళ్లనూ పోల్చి చూడు. ఒకటి వెచ్చగా ఉన్నా, కాస్త ఉబ్బినా ఆ రోజు ఎక్కొద్దు, పశువైద్యుణ్ణి పిలువు. విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. నీ గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో రాసి పెట్టుకో.

పోటీ చోట మార్గమంతా కాలినడకన చూడు. నీ అడుగు 90 సెంటీమీటర్లకు సాధన చేసుకుంటే నాలుగు అడుగులు గుర్రం ఒక అంగ. మొదటి కంచె దాటి దిగడానికి రెండు అడుగులు, తర్వాతి కంచెకు లేవడానికి రెండు కలుపుకో. అంటే మధ్యలో ఒకే అంగ పట్టే జోడు కంచెకు ఎనిమిది అడుగులు.

క్రాస్ కంట్రీలో గుర్రం అలసిందని అనిపిస్తే చెయ్యెత్తి ఆగిపో. ఎవరేమన్నా నా పేరు చెప్పు. మీ నాన్నకు నేను నచ్చజెబుతాను.

ఈ వారం దాని ముందు కాళ్లు ఎలా ఉన్నాయో, ఆరు అంగలు కుదిరాయో లేదో రాయి. పోటీ తేదీ తెలియగానే ఫోను చెయ్యి, ముందురోజుకే వచ్చేస్తాను.

నీ అత్తయ్య