కరాటే మాస్టరు వృత్తి, డోజో బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కరాటే గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులిస్తున్నవారు గుంటూరు బ్రాడీపేటలో చాలాకాలంగా డోజో (కరాటే నేర్పే శాల) నడుపుతున్న ఒక మాస్టారు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. బీకాం పూర్తిచేశాను. కరాటేలోని షోటోకాన్ శైలిలో బ్లాక్ బెల్ట్ ఉంది. మా మాస్టారి దగ్గర చిన్నపిల్లల బ్యాచ్ చూసుకుంటున్నాను. సొంతంగా డోజో పెట్టి దాని మీదే బతకాలని ఉంది. నాన్నగారేమో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక యువకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: మీ నాన్నగారి మాటలో న్యాయముంది, తీసిపారేయకండి. డోజో పెడితే నెల తిరిగేసరికి ఇంట్లోకి ఎంత తేగలవని ఆయన అడుగుతున్నారు. ముందుగా ఆ లెక్కే వేద్దాం. నెలకు 700 రూపాయల ఫీజు, 40 మంది పిల్లలు అనుకుంటే వచ్చేది 28,000. అందులోంచి హాలు అద్దె, కరెంటు బిల్లు, మ్యాట్ల ఖర్చు, మీకు సాయం చేసే సీనియరుకు ఇచ్చేది తీసేస్తే చేతికి మిగిలేది అందులో సగం, కాస్త అటూ ఇటూగా. పైగా ఆ 40 మందీ ఏడాది పొడుగునా ఉండరు. ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులివ్వగానే సమ్మర్ క్యాంపుతో హాలు కిటకిటలాడుతుంది. జూన్‌లో బడులు తెరిచాక వారిలో చాలామంది మళ్లీ కనబడరు. దసరాకు, సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు వెళతారు, ఫిబ్రవరి, మార్చి నెలలను పరీక్షలు తినేస్తాయి. మే నెల వసూళ్లు చూసుకుని పెద్ద హాలుకు అడ్వాన్సు ఇచ్చి, కార్తీకమాసం వచ్చేసరికి తలపట్టుకున్న కుర్రవాళ్లను ఈ ఊళ్లోనే చూశాను. కాబట్టి మీ లెక్క నవంబరు నెల హాజరు పట్టీ మీద వేసుకోండి.

మొదటి మూడేళ్లూ డోజోను సాయంత్రం పనిగానే ఉంచి, పగలు మరో ఆదాయం చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అందులో చిన్నతనం ఏమీ లేదు. షోటోకాన్‌కు ఆద్యుడైన గిచిన్ ఫునాకోషి ఒకినావాలో ఏళ్ల తరబడి బడిపంతులుగా పనిచేసినవారు. 1922లో ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వచ్చి అక్కడే ఉండిపోయేనాటికి ఆయన వయసు 53. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో చిన్న గదిలో ఉంటూ, ఆవరణ ఊడుస్తూ, కాపలా కాస్తూ, అక్కడి హాలు ఖాళీగా ఉన్న వేళల్లో పాఠం చెప్పారు.

ఆదాయమూ కరాటే రెండూ కలిసే దారి ఒకటి బడి వైపు నుంచి ఉంది. బ్లాక్ బెల్ట్ ఒక్కటే చూపిస్తే ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టుకు అర్హత రాదు. అర్హతలు సరిచూసుకుని, ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి, వ్యాయామ విద్య డిగ్రీ అయిన బీపీఈడీలో చేరండి. మనకు దగ్గర్లోనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య కళాశాల ఉంది. సమగ్ర శిక్ష అనే బడి చదువుల పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ‘రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ’ జరుగుతుంది. మూడు నెలలపాటు బడికి నెలకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చే పథకమది. దాని మీద ఇల్లు నడవదు గానీ, ఫీజు కట్టలేని పిల్లలకు నేర్పే అవకాశం దొరుకుతుంది, ఆ ఒక్క కారణానికైనా వదులుకోకండి. మరొక మాట: కరపత్రంలో ‘ఒలింపిక్ క్రీడ’ అని వేయించవద్దు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే ఉంది, 2024 పారిస్‌లో లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 నుంచి ఉంది, కావాలంటే ఆ మాట నిజాయితీగా చెప్పుకోవచ్చు.

డబ్బు సంగతి అలా ఉంచితే, మీకు నేర్పడం వచ్చునా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బాగా చేయగలిగినవారందరికీ నేర్పడం రాదు. రేపు సాయంత్రం హెయాన్ షోడాన్ చేస్తున్న పదేళ్ల పిల్లవాడి వెనక నిలబడి చూడండి. 21 కదలికల చిన్న కటా (వరస తప్పకుండా ఒంటరిగా చేసే కదలికల కూర్పు) అది. ఎడమవైపు తిరిగి గెదాన్ బరాయి (చేతిని కిందికి తెచ్చి దెబ్బను అడ్డుకోవడం) వేసినప్పుడు పిల్లవాడి దృష్టంతా ముందుకొచ్చే చేతి మీదే ఉంటుంది. తుంటి దగ్గరికి లాగవలసిన రెండో చెయ్యి పొట్ట ముందే ఆగిపోతుంది, వెనక కాలి మడమ నేల మీద నుంచి లేస్తుంది. ‘గట్టిగా, ఇంకా గట్టిగా’ అని మీరెంత అరిచినా ఆ మడమ దిగదు. అడుగు మరీ పొడుగైందని గమనించి, వెనక పాదాన్ని కాస్త ముందుకు జరిపిస్తే దానంతటదే దిగుతుంది. కటా ముగిసేసరికి పిల్లవాడు మొదలుపెట్టిన చోటికే రావాలి. మూరెడు దూరంలో తేలాడంటే ఎక్కడో అడుగు పొట్టిదైందన్నమాట. అది ఏ అడుగో పట్టుకుని ఆ ఒక్కదాన్నే సరిచేయగలిగితే, అదీ మిగతా ముప్పైమంది చూపు చెదరకుండా చేయగలిగితే, మీరు డోజో పెట్టవచ్చు. అప్పటిదాకా మీ మాస్టారి దగ్గరే ఉండండి. సొంత డోజో పెట్టాక కూడా మీ సాధనకు రోజూ ఒక గంట కేటాయించుకోండి. పాఠం చెప్పడమే సాధన అనుకున్న మాస్టర్ల కిక్ నడుము దాటకపోవడం నాకు తెలుసు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. చేరి ఏడాది కాకముందే బ్లూ బెల్ట్ ఇచ్చారు. రెండు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, ప్రతిసారీ ఫీజు. రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అంటున్నారు. వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టిస్తామని కూడా చెప్పారు. నమ్మవచ్చా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: గ్యారంటీ అన్న మాట వినగానే మీకు అనుమానం రావడం సబబే, అమ్మా. వారానికి మూడు రోజులు వచ్చే పిల్లలకు బ్లాక్ బెల్ట్ దాకా వెళ్లడానికి నాలుగైదేళ్లు పట్టడం మామూలు. కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. టెస్టుకు ఫీజు తీసుకోవడం తప్పు కాదు. పరీక్షకులు వస్తారు, బెల్టుకూ సర్టిఫికెట్టుకూ ఖర్చవుతుంది. అయితే ఆ టెస్టులో ఎవరైనా ఎప్పుడైనా తప్పారా అని అడగండి. ఒక్కరూ తప్పని పరీక్ష అయితే మీరు బెల్టు కొనుక్కుంటున్నట్టే. ఇంట్లో మీరే చూడదగ్గ పరీక్ష ఒకటి ఉంది: పాపను హాల్లో నిలబెట్టి, ఎవరూ అంకెలు చెప్పకుండా, పక్కన చూసి చేయడానికి ఎవరూ లేకుండా, తనకు నేర్పిన కటా మొదటి నుంచి చివరిదాకా చేయమనండి. సగంలో ఆగి మీ ముఖంలోకి చూస్తే ఆ బెల్టు తొందరపడి ఇచ్చినది.

పెంకుల విషయంలో నా మాట ఖండితం: వద్దు. ఎనిమిదేళ్ల పిల్ల చేతి ఎముకల చివరల దగ్గర పెరిగే భాగాలు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే ఎముక పెరుగుదలే దెబ్బతినవచ్చు. చేతుల మీద నుంచి మోటారు సైకిలు పోనిచ్చే ప్రదర్శనలూ అంతే. వాటికి చప్పట్లు పడతాయి గానీ, వాటిలో పిల్లలు నేర్చుకునే కరాటే ఏమీ లేదు.

మీరు అడగకపోయినా ఆడపిల్ల తల్లికి తప్పక చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. క్లాసు జరిగినంతసేపూ తలుపు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చి కూర్చున్నా అభ్యంతరం ఉండకూడదు. స్టాన్స్ (నిలబడే తీరు) సరిచేయడానికి ముట్టుకోవలసి వస్తే మాస్టరు చెప్పి ముట్టుకోవాలి, చాలాసార్లు కర్రతోనో మాటతోనో చూపిస్తే సరిపోతుంది. ఒంటరిగా పిలిపించే ‘స్పెషల్ కోచింగ్’కు ఒప్పుకోకండి. పాప ఏదైనా చెబితే అక్కడికక్కడే నమ్మండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

ప్రశ్న: సత్యనారాయణపురంలో చిన్న డోజో నడుపుతున్నాను. చిన్న తరగతుల పిల్లలు బాగానే చేరుతున్నారు. ఎనిమిదో తరగతికి రాగానే వరసగా మానేస్తున్నారు. ఆడపిల్లలైతే అంతకంటే ముందే. ఏం చేయాలి?
– ఒక మాస్టరు, విజయవాడ

జవాబు: ఈ బాధ మన రెండు ఊళ్లలో ప్రతి మాస్టరుకూ ఉంది. ఏడెనిమిది తరగతుల నుంచే ఫౌండేషన్ కోర్సులు, రాత్రిదాకా స్టడీ అవర్లు. పిల్లవాడు బడి బస్సు దిగేసరికి మీ క్లాసు అయిపోతుంది. ఈ పరిస్థితికి తల్లిదండ్రులను నిందించి ఉపయోగం లేదు, వేళలు మార్చవలసింది మనమే. ఉదయం అయిదున్నరకు ఒక గంట, ఆదివారం ఉదయం రెండు గంటలు పెద్ద పిల్లల కోసం విడిగా ఉంచండి. మే నెలలో రేకుల షెడ్డు కింద సాయంత్రం సాధన చేయించడం ఎలాగూ ప్రమాదమే కనుక, ఉదయపు బ్యాచ్ అందరికీ మేలు. తొమ్మిది, పది తరగతుల వారి దగ్గర సగం ఫీజే తీసుకోండి, పరీక్షల నెలల్లో అసలు అడగవద్దు, పేరు మాత్రం పట్టీలోంచి కొట్టేయవద్దు. ఏప్రిల్ మొదటి వారంలో మీరే ఫోన్ చేయండి. నా దగ్గర మళ్లీ వచ్చినవారిలో ఎక్కువమంది ఆ ఒక్క ఫోన్‌తో వచ్చినవారే. వచ్చినవారికి చిన్నపిల్లల వరస ఒకటి అప్పగించండి. తనకోసం ఆరుగురు చిన్నవాళ్లు ఎదురు చూస్తారని తెలిసిన పదిహేనేళ్ల కుర్రవాడు అంత తేలిగ్గా మానడు.

ఆడపిల్లలు మానేయడానికి చదువు ఒక్కటే కారణం కాదు. పెద్దమనిషైన పిల్ల నెలలో కొన్ని రోజులు తెల్ల డ్రెస్సు వేసుకుని నలుగురి ముందు కాళ్లు చాపి నిలబడటానికి భయపడుతుంది. ఆ మాట మగ మాస్టరుతో చెప్పలేక మానేస్తుంది. రోజువారీ క్లాసులో ముదురు రంగు ప్యాంటు ఎవరైనా, ఎప్పుడైనా వేసుకోవచ్చని అందరికీ కలిపి ప్రకటించండి, అప్పుడు కారణం ఎవరూ అడగరు. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది, శుభ్రమైన బాత్‌రూమ్ చూపండి. బ్రౌన్ బెల్ట్ దాటిన ఒక అమ్మాయిని సహాయకురాలిగా, జీతమిచ్చి పెట్టుకోండి. ఈ మార్పులకయ్యే ఖర్చు ట్రోఫీల మీద మనం పెట్టే దానికంటే తక్కువే.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. బీపీ ఉంది. ఇప్పుడు కరాటే మొదలుపెట్టవచ్చా? పిల్లల మధ్య నిలబడాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్నాక, వాడే మందుల పేర్లు మీ మాస్టరుకు రాసివ్వండి. మొదటి ఆరు నెలలూ కుమిటే (ఎదురెదురు పోరు) జోలికి పోకుండా కిహోన్ (ప్రాథమిక కదలికల సాధన), కటా మాత్రమే చేయండి. ఊపిరి బిగబట్టి పంచ్ వేయకండి, వదులుతూ వేయండి, బీపీ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. కిక్ మోకాలి ఎత్తుకు వచ్చినా చాలు. ఇక మొహమాటం సంగతి: వరసలో వైట్ బెల్ట్ కట్టుకున్నవారంతా చివరనే నిలబడతారు, అందులో మీకంటే ముందు చేరిన ఏడేళ్ల పిల్లవాడు మీకు సీనియరు. వాడు చూపించింది చూపించినట్టు చేయండి.