టూసాన్‌లో ఏసీ లేని ఆరేళ్ళు

ప్రశ్న: 1950, 60లలో అమెరికా ఎడారి పట్టణాల్లో చిన్నతనం ఎలా ఉండేది? ఏసీలు లేకుండా పిల్లలు ఆ ఎండలు ఎలా భరించారు?

భరించడం ఏమిటండీ, మేం గుంటూరు జిల్లా వాళ్ళం. రెంటచింతల ఎండ చూసినవాళ్ళకి అరిజోనా ఎండ ఓ లెక్కా?

ముందు అరిజోనాలో మేమున్న ఊరి పేరు సంగతి తేల్చేస్తాను. అది టక్సన్ కాదు, టూసాన్. మధ్యలో ఉన్న 'సి' పలకదు. మా బంధువుల్లో అరవై ఏళ్ళుగా టక్సన్ అంటున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. చెప్పి చెప్పి ఊరుకున్నాను.

మా నాన్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, పత్తి నేలల్లో చౌడు గురించి పరిశోధన చెయ్యడానికి యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాకి వెళ్ళారు. ఎడారిలో పత్తేమిటి అనకండి. ఇప్పుడు షోరూముల్లో పీమా కాటన్ చొక్కా అని వేలకు వేలు పోసి కొంటున్నారే, ఆ పొడుగు పింజ పత్తికి అరిజోనాలోని పీమా తెగవాళ్ళ పేరే పెట్టారు. నాన్న వెళ్ళిన కొన్నాళ్ళకి, 1961లో, అమ్మా నేనూ వెళ్ళాం. అప్పటికి నాకు ఆరేళ్ళు. 1967లో తిరిగొచ్చేశాం. రెండు లక్షల పైచిలుకు జనమున్న ఆ ఊళ్ళో మేం తప్ప తెలుగువాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. మేమూ ఉన్నామని ఎవరైనా అంటే వింటాను గానీ నమ్మను.

ఇక ఎండ. జూన్‌లో తరచూ 40 డిగ్రీలు దాటేది. కానీ అది పొడి ఎండ. చెమట పట్టిన క్షణంలో ఆరిపోతుంది. ఉతికిన చీర దండెం మీద ఈ చివర ఆరేసి ఆ చివరికి వెళ్ళేలోపు ఇక్కడ ఆరిపోయేదని అమ్మ చెప్పేది. అమ్మ లెక్కలు కాస్త ఎక్కువే అనుకోండి. బాపట్లలో మే నెల ఉక్క అనుభవించినవాళ్ళకి మాత్రం అది స్వర్గం.

మా ఇల్లు డౌన్‌టౌన్‌కి దక్షిణాన, మెక్సికన్లు ఉండే పాతపేటలో. బారియో అంటారు. అద్దె తక్కువ కాబట్టి అక్కడ దిగాం. పచ్చి ఇటుకల ఇల్లు, గోడలు మూరెడు మందం, పైన చదునుగా మిద్దె. మిద్దె మీద రేకు డబ్బాలాంటి కూలర్. ఈ కూలర్ మన దగ్గర పుట్టిందనుకుంటారు చాలామంది. డబ్బా కూలర్లు 1930లలోనే అరిజోనాలో ఇంటింటికీ ఎక్కాయి. మనవాళ్ళు గుమ్మానికి వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవారు కదా, అదే పని. తడకకి బదులు ఆస్పెన్ చెక్క తురుముతో చేసిన ప్యాడ్లు, నీళ్ళు కొట్టడానికి మోటారు, గాలికి ఫ్యాను. వాడేటప్పుడు ఓ కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లోపలి గాలి బయటికి పోతేనే కొత్త గాలి వస్తుంది. ఇల్లంతా తడి చెక్క వాసన. ఇప్పటికీ ఏ వడ్రంగి కొట్టు ముందు నుంచి వెళ్ళినా నాకు ఎనిమిదేళ్ళే.

రాత్రిళ్ళు వెనక పెరట్లో పడక. నాన్న ఎక్కడో మిలిటరీ సామాన్ల కొట్లో మడత మంచాలు మూడు కొనుక్కొచ్చారు. మమ్మల్ని చూసి పక్కింటి మామ్మగారు నవ్వి, తన చిన్నప్పుడు ఊరంతా అలాగే పడుకునేదనీ, తేళ్ళు ఎక్కకుండా మంచంకోళ్ళ కింద కిరసనాయిలు పోసిన డబ్బాలు పెట్టేవారనీ చెప్పింది. మర్నాడు అమ్మ కూడా డబ్బాలు పెట్టేసింది.

ఈ మామ్మగారిని పేటలో పిల్లలందరం 'నానా' అనేవాళ్ళం. అక్కడి మెక్సికన్లు అమ్మమ్మనీ నాయనమ్మనీ అలాగే పిలుస్తారు. నేను మొదటిసారి గోడ మీంచి "నానా!" అని కేకేస్తే లోపలి నుంచి మా నాన్న "ఏంటమ్మా?" అన్నారు. అమ్మ వారం రోజులు నవ్వింది.

ఇప్పుడు అసలు కథ. 1962 జులై మొదటివారం అనుకుంటా. అక్కడ వాన జూన్ 24న, సాన్ హువాన్ పండగ నాడు, మొదలవుతుందని పాతవాళ్ళ లెక్క. మనకి మృగశిర కార్తె, ఏరువాక ఎలాగో అలా. ఆ ఏడు పండగ వెళ్ళిపోయింది, వాన లేదు. కూలర్ నుంచి వేడిగాలి కొడుతోంది. ప్యాడ్లకి ఉప్పు పేరుకుని నీళ్ళు పట్టడం లేదని కనిపెట్టి, ఆదివారం మధ్యాహ్నం నాన్న కొత్త ప్యాడ్లు చంకన పెట్టుకుని ఇంటాయన నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కారు. "ఏమండీ, ఆ దక్షిణం వైపు మబ్బు చూశారా?" అని అమ్మ అంటూనే ఉంది. "ఇక్కడ మబ్బులు ఊరికే వస్తాయి, కురవవు" అన్నారు నాన్న. అప్పటికి మూడేళ్ళ అనుభవం కదా ఆయనకి.

ముందు దుమ్ము వచ్చింది. సాంటా రీటా కొండలు ఉన్నచోట కొండలు లేవు. తర్వాత గాలి. నిచ్చెన గోడ వెంట మెల్లగా జారడం నేను కళ్ళారా చూశాను. పట్టుకుందామనే ఆలోచన కూడా రాలేదు, అంత నిదానంగా, మర్యాదగా పడింది. పడీ పడగానే రెండు ముక్కలు. మెరుపులు మొదలయ్యాయి. పైన నాన్న, పక్కన ఇనప డబ్బా, చుట్టుపక్కల అంతకంటే ఎత్తైనది ఏదీ లేదు. అమ్మ పెరట్లో నిలబడి ఒక్కసారిగా ఆంజనేయ దండకం అందుకుంది. నాన్న పై నుంచి "భయపడకండి" అంటున్నారు గానీ ఆ గొంతులో వణుకు మా దాకా వినపడుతోంది. ప్యాడ్లు నెత్తిన పెట్టుకుని బోర్లా పడుకున్నారట, తర్వాత చెప్పారు.

నానా గోడ మీంచి చూసింది. ఏమీ అడగలేదు. స్పానిష్‌లో గట్టిగా ఏదో కేకేసింది. ఆమె మనవడు, పద్నాలుగేళ్ళవాడు, వాళ్ళ నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే చినుకులు రూపాయి కాసంత ఒక్కోటి. నాన్న దిగేసరికి ఆయన చొక్కా జేబులోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. పది అడుగుల దూరంలో ఏమీ కనపడని వాన. వాసన మాత్రం మట్టి వాసన కాదు. అక్కడ ఎడారి నిండా క్రియోసోట్ అనే చిన్న పొద ఉంటుంది, దాని ఆకు తడిస్తే కాస్త ఘాటుగా, మందుకొట్టు వాసనా పచ్చి ఆకు వాసనా కలిసినట్టు వస్తుంది. టూసాన్ వాళ్ళకి వాన వాసనంటే అదే. మొదటిసారి నాకు నచ్చలేదు. ఇప్పుడు దాని కోసం టికెట్ కొనుక్కుని వెళ్తాను.

ఇంతా చేసి, కొత్త ప్యాడ్లు వేసినా కూలర్ పని చెయ్యలేదు. వానాకాలం గాల్లో తేమ చేరితే కూలర్ చల్లబరచలేదు కదా. నాన్న పాపం చౌడు మీద పరిశోధన చేసే మనిషి, ఈ సంగతి ఆయనకి తెలియదా? తెలుసు. ఆ రోజు తట్టలేదు. అన్నట్టు, సముద్రానికి పాతిక మైళ్ళలో ఉన్న ఊళ్ళలో కూలర్లు అమ్మేవాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేను. జల్లెడతో నీళ్ళు మోసినట్టే.

వాన ఆగాక నానా ఓ గాజు కూజాలో ఎర్రమట్టి రంగు నీళ్ళు, ఐసు ముక్కలు వేసి పట్టుకొచ్చింది. నాన్న భయం తగ్గడానికట. అమ్మ మర్యాదకి ఓ గుక్క తాగి ఆగిపోయింది. మళ్ళీ తాగింది. "ఏమే, ఇది చింతపండే!" అంది నాతో. గుంటూరు నుంచి తెచ్చుకున్న చింతపండు అయిపోయి అప్పటికి ఏడెనిమిది నెలలు. నిమ్మకాయతో చారు, టమాటాతో చారు, ఏం పెట్టినా అమ్మ మొహంలో అసంతృప్తే. అమ్మ కూజా చూపిస్తూ తెలుగులోనే "ఎక్కడ? ఎక్కడ?" అని అడిగింది. నానా "తమారిందో" అంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపేసుకున్నారు. కాసేపటికి అమ్మ మొహం మళ్ళీ మారింది. "ఇదేం ఖర్మ, చింతపండు నీళ్ళలో పంచదార పోశారేంటి?"

మర్నాడు నానా మమ్మల్ని సందు చివర కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టు ఓ చైనా ఆయనది. టూసాన్ మెక్సికన్ పేటల్లో చిల్లర కొట్లు చాలావరకు చైనావాళ్ళవే, వాళ్ళందరూ స్పానిష్ గడగడా మాట్లాడేవాళ్ళు. అక్కడ గోనెసంచిలో పెంకుతో సహా చింతకాయలు! పక్కన కొత్తిమీర కట్టలు, ఎండుమిరపకాయల దండలు, బఠాణీ గింజంత ఉండి ప్రాణం తీసే చిల్తెపీన్ మిరపకాయలు. అమ్మ అలా కొట్టు మధ్యలో నిలబడిపోయింది. ఆ కొట్టాయన సామాను పొట్లం కట్టాక పిల్లల చేతిలో ఓ మిఠాయి ముక్క పెట్టేవాడు. దాన్ని 'పిలోన్' అంటారని నానా చెబితే, "అంటే కొసరు" అని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. ఆ తర్వాత పిల్లల కొసరుతో ఊరుకోకుండా తనకి కొత్తిమీర కొసరడం కూడా మొదలుపెట్టింది. తెలుగామె, చైనా ఆయన, స్పానిష్‌లో బేరం. అమ్మకి ఇంగ్లీషు కంటే ముందు స్పానిష్‌లో అంకెలు వచ్చాయి.

కానీ బడిలో ఆ స్పానిష్ మాట్లాడితే నేరం. నానా మనవరాలు నా క్లాసే. ఆటస్థలంలో నాతో స్పానిష్ మాట్లాడిందని ఆ పిల్లని గంటసేపు గోడ వైపు తిప్పి నిలబెట్టారు. నేనూ మాట్లాడాను, నన్నేమీ అనలేదు. నాది ఏ భాషో వాళ్ళకి తెలియలేదనుకుంటా.

అదే బడిలో, అణుబాంబు పడితే ఎలా అని, సైరన్ మోగితే బల్లల కింద దూరే డ్రిల్లు కూడా ఉండేది. ఊరి చుట్టూ భూమిలో 18 టైటాన్ అణు క్షిపణులు పాతిపెట్టారు మరి, 1963 నాటికి సిద్ధం. మా నాన్న ఓసారి బడికి వచ్చి నా బల్ల తట్టి చూసి, "ఇది పలక పడితేనే ఆగదు" అన్నారు. ఫిబ్రవరిలో మాత్రం రోడియోకి, అంటే కౌబాయ్‌ల పోటీలకి, రెండు రోజులు సెలవు. పిల్లలందరం కౌబాయ్ టోపీలతో ఊరేగింపు చూసేవాళ్ళం. ఎద్దుల్ని లొంగదీయడం అమ్మకి నచ్చేది కాదు. మా వైపు ఒంగోలు గిత్తలు బండ లాగుతాయి, వీళ్ళేంటి దూడల మెడకి తాడేసి పడేస్తారు అనేది.

సినిమాలు చూసి ఎడారంటే ఇసుక తిన్నెలు అనుకునేవాళ్ళకి ఓ మాట. టూసాన్ ఎడారి నిండా చెట్లే. మనిషిలా చేతులెత్తి నిలబడే సాగ్వారో జెముడుకి మొదటి చెయ్యి మొలవడానికి మామూలుగా యాభై నుంచి డెబ్బై ఏళ్ళు పడుతుంది. మే నెలలో తెల్లటి పువ్వులు, జూన్ చివర ఎర్రటి పళ్ళు. ఆ పళ్ళు పొడుగాటి కర్రలతో కోసే తోహోనో ఓదమ్ వాళ్ళకి అప్పుడే కొత్త సంవత్సరం. మా రోజుల్లో వాళ్ళని పాపగో అనేవారు, 1986లో వాళ్ళే ఆ పేరు తీసేసుకున్నారు.

మేం వచ్చేసే ఏడాదే మా పేట కూల్చడం మొదలుపెట్టారు. 1966లో ఓటింగ్ పెట్టారు. పాత ఇళ్ళు, మురికివాడ అన్నారు. ఎనభై ఎకరాలు నేలమట్టం చేసి, 1971లో అక్కడ కన్వెన్షన్ సెంటర్ తెరిచారు. మూరెడు గోడల ఇళ్ళు పడగొట్టి కట్టిన దానికి రోజంతా ఏసీ వెయ్యాల్సిందే. ఊరిని చెడగొట్టింది ఏసీయే అని నా వాదన. కూలర్ ఉన్న ఇంట్లో కిటికీ తెరిచి ఉంటుంది, నిచ్చెన పడితే పక్కింటావిడకి వినపడుతుంది. మా అమ్మాయి ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటుంది, అక్కడ వీధికి నాలుగు తెలుగు కుటుంబాలు. గ్యారేజీలోంచి కారు, కారులోంచి గ్యారేజీ. పక్కింటివాళ్ళది ఏ ఊరని అడిగితే "తెలీదమ్మా" అంది. తెలుగువాళ్ళేనట!

2014లో దాన్ని వెంటబెట్టుకుని టూసాన్ వెళ్ళాను. కొట్టు ఉన్నచోట, నా లెక్క సరైతే, కార్లు పార్కు చేసి ఉన్నాయి. మా అమ్మాయి ఫోనులో మ్యాపు చూసి కాదంటుంది. అదేం చూసింది?

మీరు వెళ్తే జులై చివర్లో వెళ్ళండి, అందరూ వద్దంటారు, వినకండి. ఎండిపోయిన వాగుల్ని అక్కడ వాష్ అంటారు. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే మాత్రం కారు దించకండి. అడ్డం పెట్టిన రోడ్డులోకి దిగి ఇరుక్కుంటే, రక్షించినందుకు ఖర్చు మీ దగ్గరే వసూలు చేసే చట్టం 1995 నుంచి ఉంది. 'స్టుపిడ్ మోటరిస్ట్ చట్టం' అని దాని ముద్దుపేరు. సాయంత్రం ఏ మెక్సికన్ హోటల్‌కైనా వెళ్ళి తమారిందో అడగండి. మా అమ్మ 83 ఏళ్ళు బతికింది, నానా పేరెత్తితే కళ్ళు తుడుచుకునేది, ఆ పంచదార సంగతి మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.