చలి ప్రాంతంలో లాన్: విత్తనాలకు అదను ఏప్రిల్ కాదు, వినాయక చవితి రోజులు

అమెరికాలో, మిచిగాన్ రాష్ట్రంలోని నోవైలో కిందటేడు ఇల్లు కొన్నామని, ఏప్రిల్‌లో చల్లిన విత్తనాలు బాగానే మొలిచి ఈ జూలైకి మాడిపోయాయని, వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ చల్లాలా అని అడిగారు. వద్దండీ, ఏప్రిల్ దాకా ఆగకండి. మన మిచిగాన్‌లో ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉండే నెల రోజులే అసలు అదను. అది మీకు ఇంకో మూడు వారాల్లో మొదలవుతుంది. మేం కాంటన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం. మొదటి రెండేళ్ళు మీరు పడ్డ బాధే పడ్డాం.

మన ఊళ్ళలో గడ్డి అంటే గరిక. అది ఎండకు పెరిగే జాతి. ఇక్కడి లాన్‌లో ఉండేవి కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రై, ఫెస్క్యూ. ఇవి 60 నుంచి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య హాయిగా పెరిగి, ఎండలు ముదిరితే నిద్రపోతాయి. ఏప్రిల్‌లో నేల ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి గింజ ఆలస్యంగా మొలుస్తుంది, వేరు లోతుకు దిగకముందే జూలై వచ్చేస్తుంది. పైగా అప్పుడే క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి కూడా మొలిచి దాన్ని అణిచేస్తుంది. ఆగస్టు చివర్లో నేల వెచ్చగా ఉంటుంది, గాలి చల్లబడుతూ ఉంటుంది, కొత్త కలుపు తక్కువ. వేరూనుకోవడానికి ఫాల్ (ఆకులు రాలే కాలం) అంతా, మళ్ళీ వసంతం అంతా దొరుకుతుంది.

నేను ఇంకో తప్పు కూడా చేశాను. ఒక ఏప్రిల్‌లో ఒకే రోజు విత్తనాలూ చల్లాను, క్రాబ్‌గ్రాస్ రాకుండా ఆపే మందూ చల్లాను. మూడు వారాలు పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టినా ఒక్క మొలక రాలేదు. ఆ మందు పని మొలకను ఆపడమే. కలుపు గింజనూ ఆపుతుంది, మనం కొన్న గింజనూ ఆపుతుంది. విత్తనం ఫాల్‌లో వేసేస్తే ఈ ఇబ్బందే ఉండదు. వసంతంలో ఫోర్సిథియా పొదలు పసుపు పచ్చగా పూసే రోజుల్లో నిశ్చింతగా ఆ మందు చల్లుకోవచ్చు.

మా లాన్ మారింది మాత్రం నాన్నగారు వచ్చిన వేసవిలో. ఆయన పశ్చిమ గోదావరిలో నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి. వచ్చిన రెండో రోజే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని పెరట్లో గుచ్చారు. అంగుళం కూడా దిగలేదు. "కళ్ళంలా బిగిసిపోయిందిరా. కళ్ళంలో గింజ చల్లితే మొలుస్తుందా?" అన్నారు. నిజమే. కొత్త కాలనీలు కట్టేటప్పుడు పైమట్టి గీకేసి, బంకమట్టి మీద బరువైన యంత్రాలు తిప్పి, చివర్లో పల్చగా మట్టి పరిచి గడ్డి చాపలు వేసేస్తారు. మీరూ ముందు స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. దిగకపోతే కోర్ ఏరేటర్ (నేలలోంచి మట్టి ముక్కలు పెరికి చిల్లులు పెట్టే యంత్రం) అద్దెకు తెచ్చి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడపండి. వేలెడంత మట్టి ముక్కలు పైకి వచ్చి పడతాయి. వాటిని ఏరేయకండి, వానలకు కరిగి నేలలో కలిసిపోతాయి. పావు అంగుళం కంపోస్టు పరిచి, దాని మీద విత్తనం చల్లి, రేక్‌తో పైపైన కదిపితే చాలు.

ఆ తర్వాత నీళ్ళ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. రకరకాల గింజలు కలిపి అమ్మే సంచిలో రై గింజ వారంలో మొలుస్తుంది, బ్లూగ్రాస్‌కు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే పచ్చగా కనిపించిందని నీళ్ళు తగ్గిస్తే, లోపల ఉబ్బి ఉన్న బ్లూగ్రాస్ గింజ అక్కడే చచ్చిపోతుంది. నేల లోపల పాకి, ఖాళీలను తనంతట తను పూడ్చుకునేది బ్లూగ్రాసే. కాబట్టి నెల రోజులు నారుమడిని చూసుకున్నట్టు చూసుకోండి. రోజుకు రెండు మూడుసార్లు, కొద్దికొద్దిగా, పైమట్టి ఆరకుండా.

నేను వినాయక చవితితో గుర్తు పెట్టుకుంటాను. 2024లో సెప్టెంబరు 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న. రెండూ చక్కటి అదనే. 2023లోలా సెప్టెంబరు మూడో వారంలో వస్తే మాత్రం పండగకు ముందే చల్లేయాలి.

ఇప్పుడు గోధుమ రంగులో ఉన్నదంతా చచ్చిపోయిందని అనుకోకండి. ఒక దుబ్బు పీకి మొదలు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే అది నిద్రపోతోందంతే. రెండు మూడు వారాలకోసారి అర అంగుళం నీళ్ళు పెడితే ప్రాణం నిలుస్తుంది. అలా కాక, లాగితే గడ్డి తివాచీలా లేచి వచ్చేస్తే కింద పురుగు ఉంది. ఒక సెప్టెంబరులో మా ఇంటి పక్క భాగం అలాగే చుట్టలా లేచింది. కింద తెల్లటి పురుగులు, ముడుచుకుని, గోధుమ రంగు తలలతో. మన వేరుశనగ చేలను తినే వేరుపురుగు కుటుంబమే. ఇక్కడ జపనీస్ బీటిల్, యూరోపియన్ చాఫర్ పురుగులు గుడ్లు పెడతాయి. వాటిలోంచి వచ్చే ఈ తెల్ల పురుగుల కోసం రాత్రిళ్ళు స్కంకులు అనే చిన్న జంతువులు వచ్చి తవ్వేస్తాయి. చదరపు అడుగుకు ఒకటో రెండో కనిపిస్తే టెన్షన్ వద్దు, పది దాటితే మందు వేయాల్సిందే.

కోత మూడు, మూడున్నర అంగుళాల ఎత్తులో పెట్టండి. ఒక్కసారికి మూడో వంతు కంటే ఎక్కువ కోయకండి. కోశాక ఒక ఆకు తుంచి చూడండి. కొన తెల్లగా దారాల్లా చీలి ఉంటే మోవర్ బ్లేడు మొద్దుబారింది. కోసిన గడ్డి అక్కడే వదిలేయండి, అదే ఎరువు.

ఎరువుకు ముందు మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (జనానికి సాగు సలహాలిచ్చే విభాగం) వాళ్ళ మట్టి పరీక్ష కిట్ తెప్పించుకోండి. ఇక్కడి లాన్ ఎరువు సంచి మీద మూడు అంకెల్లో మధ్యది, అంటే ఫాస్ఫరస్‌ది, సున్నా ఉంటుంది. మన డీఏపీ 18-46-0 చూసి పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపిస్తుంది. సరస్సుల్లో నాచు పెరక్కుండా 2012 నుంచి ఇక్కడ లాన్‌లకు ఫాస్ఫరస్ వాడకాన్ని చట్టం కట్టడి చేసింది. కొత్తగా వేసే లాన్‌కు, మట్టి పరీక్షలో లోటు తేలినవాళ్ళకు మినహాయింపు ఉంది. ఏడాదికి ఒక్కసారే వేయగలిగితే సెప్టెంబరులో వేయండి.

ఏరేటర్ మాత్రం ఇప్పుడే బుక్ చేసుకోండి. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు దగ్గరపడితే శని, ఆదివారాల్లో అద్దెకు దొరకడం కష్టం.